గవర్నర్‌పేట జెర్సీల షాపు: మా కాలనీ పిల్లలకు ఈస్ట్ బెంగాల్ రంగులు

విజయవాడలో పిల్లల టీమ్‌కి జెర్సీలు కుట్టించాలనుకునేవాళ్ళు ఈ షాపుకి ధైర్యంగా వెళ్ళొచ్చు. రేటు ఊళ్ళో అందరికంటే తక్కువేమీ కాదు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మెట్లు ఇరుకు. అయినా, రంగు విషయంలో కస్టమర్ పట్టుబడితే విసుక్కోకుండా కూర్చుని సరిచేసే ఓపిక వీళ్ళకుంది. నాకు కావలసింది ముఖ్యంగా అదే. మా పిల్లలకు కుట్టించింది మామూలు చొక్కా కాదు, కలకత్తా ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్ వేసుకునే చొక్కా. నిలువునా సగం ఎరుపు, సగం బంగారు రంగు.

మాది సత్యనారాయణపురం రైల్వే కాలనీ వైపు. సాయంత్రం పూట మావారు అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిపి పద్దెనిమిది మంది. కోచింగ్ ఆయనది. మంచినీళ్ళ క్యాన్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, చందాల లెక్క, ఇప్పుడీ జెర్సీలు నావి. ఇన్నాళ్ళూ పిల్లలు ఇంట్లో ఉన్న టీషర్టులతోనే ఆడేవారు. ఒకసారి వేరేచోట నంబర్లు అంటించిన టీషర్టులు కొన్నాం. అవి స్టిక్కర్ నంబర్లు. నాలుగు ఉతుకులకే అంచులు లేచి, ఎండకు పగుళ్ళిచ్చి, 8 కాస్తా 3 లాగా మిగిలింది. అందుకని ఈసారి సబ్లిమేషన్ ప్రింటింగ్, అంటే రంగు గుడ్డలోకే ఇంకేలా ప్రింటు చేసే చోటు కోసం వెతికాను.

షాపు ఏలూరు రోడ్డు నుంచి గవర్నర్‌పేటలోకి తిరిగే ఒక సందులో, మేడమీద ఉంది. కింద చెప్పుల షాపు. పైకి వెళ్తే ముందు గదిలో గోడల నిండా వేలాడే జెర్సీలు, దాదాపు అన్నీ క్రికెట్‌వే. కాలేజీ టీములవి, అపార్ట్‌మెంట్ లీగులవి, సంక్రాంతి టోర్నమెంట్లవి. లోపలి గదిలో ప్రింటరు, హీట్ ప్రెస్, రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను. నేను ఎరుపు, బంగారు అనగానే ఓనరు, పాతికేళ్ళ కుర్రాడు, "ఆర్‌సీబీ డిజైనా మేడమ్? రెడీగా ఉంది" అన్నాడు. అతని తప్పేమీ లేదు. మన ఊళ్ళో ఆ రెండు రంగులు కలిపి చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది అదే. కాదు బాబూ, ఇది నూరేళ్ళు దాటిన ఫుట్‌బాల్ క్లబ్బు రంగు అని చెప్పి, ఫోన్లో ఫొటోలు చూపించాను. డిజైన్ చేసే అబ్బాయి కుర్చీ నా వైపు తిప్పుకుని, "ఏం క్లబ్బండీ అది, కథేంటి?" అని అడిగాడు. ఆర్డరు ఇక్కడే ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మావాళ్ళది శ్రీకాకుళం జిల్లా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్ళు ఎందరో అక్కడి వర్క్‌షాపులో పని కోసం వెళ్ళి స్థిరపడ్డారు. నాన్న కూడా అదే వర్క్‌షాపులో ఫిట్టరు. మా పక్క క్వార్టర్లో తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) లోని బరిసాల్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. దేశ విభజనలో ఇల్లూ పొలమూ చెరువూ వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. వాళ్ళింటి పెద్దాయనే నాన్నను మొదటిసారి లోకల్ బండి ఎక్కించి, హౌరాలో దిగి, కలకత్తాలో ఫుట్‌బాల్ క్లబ్బుల గ్రౌండ్లుండే మైదాన్‌కు తీసుకెళ్ళారట. అప్పటినుంచి నాన్న ఈస్ట్ బెంగాల్ మనిషి. నాకు అది వారసత్వంగా వచ్చింది.

డిజైన్ అబ్బాయికి చెప్పిన కథ ఇక్కడా చెబుతాను, ఎందుకంటే ఈ క్లబ్బు రంగులు దొరికింది కూడా ఒక షాపులోనే. 1920 జులై 28న కలకత్తాలో జోరాబగాన్ క్లబ్బుకూ మోహన్ బగాన్‌కూ మ్యాచ్. జోరాబగాన్ వాళ్ళు తమ డిఫెండర్ శైలేశ్ బోస్‌ను టీములోంచి తప్పించారు. ఆయనది తూర్పు బెంగాల్. క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురిదీ అదే ప్రాంతం. ఆయన ఎంత అడిగినా బోస్‌ను తీసుకోలేదు, ఎందుకు తప్పించారో చెప్పనూ లేదు. తూర్పు నుంచి వచ్చినవాడని చిన్నచూపు చూశారన్న బాధతో చౌధురి బయటికొచ్చేశారు. కొద్దిమంది మిత్రులతో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్బు పెట్టారు. దానికి తమ ప్రాంతం పేరే పెట్టుకున్నారు. అవమానం జరిగిన నాలుగో రోజుకల్లా క్లబ్బు పుట్టింది.

క్లబ్బు పెట్టాక చొక్కా కావాలి కదా. చౌరంగీలో వైటవే లెయిడ్‌లా అనే పెద్ద ఇంగ్లిష్ దుకాణం ఉండేది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, మెట్రోపాలిటన్ బిల్డింగ్ అంటారు. అక్కడ వేలాడుతున్న ఎరుపు, బంగారు చొక్కా ఒకటి క్లబ్బువాళ్ళ కంటపడిందట, అదే ఖాయం చేశారట. ఏ రాజవంశం రంగులో, ఏ జెండా రంగులో కావవి. నలుగురు మనుషులు షాపులోకెళ్ళి, బాగుంది, ఇదే మనది అనుకున్నారు, అంతే. ఆ తర్వాత అవే రంగుల కోసం లక్షలమంది వానలో తడిశారు, ఏడ్చారు. ఈ కథ విన్నాక డిజైన్ అబ్బాయి "అయితే ఎరుపు కరెక్టుగా రావాలండీ" అన్నాడు. ఎరుపు సులువే, మాకు చిక్కొచ్చింది బంగారు రంగుతో.

సబ్లిమేషన్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ముందు డిజైన్‌ను ఒక ప్రత్యేకమైన కాగితం మీద ప్రింట్ తీస్తారు. కాగితం మీద రంగులు వెలిసిపోయినట్టు, పాలిపోయి కనిపిస్తాయి. తెల్లటి పాలిస్టర్ గుడ్డ మీద ఆ కాగితాన్ని బోర్లించి, దాదాపు 200 డిగ్రీల వేడిలో ప్రెస్ చేస్తారు. నిమిషం కూడా పట్టదు. వేడికి ఇంకు ఆవిరై దారంలోకి ఇంకిపోతుంది. కాగితం లాగేసరికి అసలు రంగు పైకి వస్తుంది. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి పగలదు, ఊడదు. కాటన్ మీద మాత్రం ఇది పనిచేయదు. కాటన్ జెర్సీ అడిగేవాళ్ళకు ఈ షాపువాళ్ళు ఆ మాట ముఖం మీదే చెబుతున్నారు, అది నాకు నచ్చింది.

బంగారు రంగు కంప్యూటర్ తెర మీద మెరుస్తుంది. ప్రింటులో ఆ మెరుపు రాదు, పసుపులోనే ఏదో ఒక ఛాయ ఎంచుకోవాలి. మొదట తీసిన ముక్క లెమన్ ఎల్లో అయింది. ఎరుపు పక్కన పెడితే ఏదో కూల్‌డ్రింక్ ప్రకటనలా కనిపించింది. తర్వాత కాస్త ఎరుపు కలిపితే నారింజ వైపు వెళ్ళింది. ఆ అబ్బాయి అరచేయంత ముక్కలు వేర్వేరు ఛాయల్లో ప్రెస్ చేసి, ఒక్కోదాని వెనక మార్కరుతో నంబరు రాసి, వరసగా కిటికీ దగ్గర పెట్టాడు. ట్యూబ్‌లైటు కింద చూడొద్దు, ఎండలో చూడండి అన్నాడు. పిల్లలు ఆడేది ఎండలోనే కదా. చివరికి బాగా పండిన మామిడిపండు తొక్క రంగులాంటి ఛాయ దగ్గర ఆగాం. ఈ ముక్కలకు నా దగ్గర పైసా తీసుకోలేదు.

రెండో విషయం, నడిమి గీత. ఈ చొక్కాకు ప్రాణం ఆ గీతలో ఉంది. రెండు రంగుల గుడ్డలు మధ్యలో జోడించి కుడితే పొట్ట మీద దళసరి కుట్టు వస్తుంది, బంతిని ఛాతీతో ఆపితే గుచ్చుకుంటుంది. వీళ్ళు ముందు భాగం మొత్తం ఒకే ముక్కగా ప్రింట్ తీశారు, కాబట్టి నడుమ కుట్టు లేదు. ఇక గీత కాలరు మధ్యకు సరిగ్గా రావాలి. అర అంగుళం పక్కకు పోయినా చొక్కా వంకరగా కనిపిస్తుంది. అది కటింగ్ మాస్టారి పని. అరవై దాటిన మనిషి. ప్రతి ముక్కనూ నిలువునా మడిచి, గీత మీద సుద్దతో చిన్న గుర్తు పెట్టి, దాన్ని బట్టి మెడ కత్తిరించారు. "అమ్మా, ప్రింట్ ఎంత బాగా వచ్చినా మెడ తప్పితే చొక్కా దండగ" అన్నారు. వచ్చిన జెర్సీలన్నీ పక్కపక్కన పరిచి చూశాను. గీత అన్నిట్లోనూ మెడ మధ్యకే ఉంది.

లోగో దగ్గర నా మాట ఒకటి. షాపులో ఏ క్లబ్బు లోగో అయినా వేసిపెడతారు. నేను వద్దన్నాను. క్లబ్బు ముద్ర క్లబ్బుది. అది కావాలనుకునేవాళ్ళు అసలు జెర్సీ కొనుక్కోవాలి, ఆ డబ్బు క్లబ్బుకు చేరాలి. రంగులు మాత్రం అభిమానులందరివీ. లోగో చోట ఒక కాగడా పెట్టించాను. టీములో పదో తరగతి అమ్మాయి పెన్సిల్‌తో గీసిన బొమ్మ అది. దాన్నే స్కాన్ చేసి వేశారు. మంట కొసల్లో పెన్సిల్ గీతలు అలాగే ఉంచమంటే ఉంచారు.

కాగడా ఎందుకంటే, దానికీ ఒక చరిత్ర ఉంది. 1930లో ఈస్ట్ బెంగాల్ రెండో డివిజన్‌లో ముందుంది, పై డివిజన్‌కు వెళ్ళే ఊపు మీద ఉంది. శాసనోల్లంఘన ఉద్యమం రోజులవి. లీగు మధ్యలోనే ఆగిపోయింది, అవకాశం చేజారింది. మాకు న్యాయం కావాలని అభిమానులు కాగడాలు పట్టుకుని వీధుల్లో ఊరేగారు. ఆ కాగడాయే క్లబ్బు గుర్తయింది. ఇప్పటికీ గ్యాలరీలో ఆ బొమ్మ పెద్ద పెద్ద బ్యానర్ల మీద కనిపిస్తుంది. మిగతా క్లబ్బులకు పులులు, సింహాలు, పడవలు గుర్తులుగా ఉంటే, వీళ్ళకు నిరసన ఊరేగింపులో చేత పట్టుకున్న వస్తువే గుర్తు.

1947 తర్వాత ఈ క్లబ్బు అసలు స్వరూపం తేలింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది మంది కలకత్తా చుట్టుపక్కల కాలనీల్లో వచ్చిపడ్డారు. యాస వేరు, తిండి వేరు, ఊరు తిరిగి చూసే ఆశ లేదు. వాళ్ళ సొంత ఊరి పేరుతో కలకత్తా నడిబొడ్డున నిలబడి ఉన్నది ఈ క్లబ్బే. అది గెలిస్తే వాళ్ళు గెలిచినట్టు. మా పక్కింటి పెద్దాయన ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇలిష్ చేప తెచ్చేవారు. మన గోదావరివాళ్ళు పులస అనేది దాన్నే. ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్ అభిమానుల ఇళ్ళలో అయితే రొయ్యలు. ఆ పెద్దాయన భార్య ఆవాలు నూరి వండిన చేప మా ఇంటికీ ఒక గిన్నె వచ్చేది. నాన్న ఒకసారి అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "మనమూ ఊరు వదిలొచ్చినవాళ్ళమే కదమ్మా, వీళ్ళకు పట్టినంత కష్టం మనకు పట్టలేదు గానీ." శ్రీకాకుళం నుంచి వెళ్ళిన ఫిట్టరుకు ఈస్ట్ బెంగాల్ అంత దగ్గరవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇంకో కారణం, మనవాళ్ళ పేర్లు. 1949 నుంచి వరసగా మూడేళ్ళు కలకత్తాలోని పాత టోర్నమెంటు ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు ముందువరస ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. బెంగాలీలు వాళ్ళను పంచ పాండవులని పిలుచుకున్నారు. బూట్లు లేకుండా ఆడే అహ్మద్ ఖాన్ గురించి పెద్దాయన చెబుతుంటే, నాన్న మాత్రం అప్పారావు పేరు దగ్గరే ఆగేవారట. ఆ తర్వాత తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1961లో ఆయన కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది. మరుసటి ఏడు జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన టీములో ఉన్నాడు. ఇంకా పదేళ్ళు ఆడాల్సిన వయసులో ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ను ఆటకు దూరం చేసింది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్ పోయారు. హబీబ్, నయీముద్దీన్ ఇద్దరూ హైదరాబాద్ నుంచి వెళ్ళి ఆ చొక్కా వేసుకున్నవాళ్ళే. మన తెలుగు పిల్లలకు ఈ పేర్లు చెప్పేవాళ్ళు లేరు. ఒలింపిక్స్‌లో హంగరీ లాంటి టీము మీద గోల్ కొట్టినవాడు మన పక్క ఊరివాడని తెలిస్తే, గ్రౌండులోకి వెళ్ళే పిల్లల నడకే మారుతుంది.

అందుకే వెనక పేర్ల దగ్గర కొంచెం చర్చ జరిగింది. పిల్లల్లో సగం మంది మెస్సీ, రొనాల్డో అని వేయించమన్నారు. మావారూ నేనూ ఒప్పుకోలేదు. ఎవరి పేరు వాళ్ళకే, తెలుగు అక్షరాల్లో. ఇక్కడ షాపుకు ఇంకో మెచ్చుకోలు. చాలాచోట్ల తెలుగులో పేరు వేయమంటే ఒత్తులు విడిపోతాయి, దీర్ఘాలు పక్కకు పోతాయి. ఈ అబ్బాయి జాబితా మొత్తం తెలుగులో టైప్ చేసి, వాట్సాప్‌లో నాకు పంపి, ప్రతి పిల్లవాడితో చూపించి ఓకే చేయించమన్నాడు. అలా చేయబట్టే ఒక పాప పేరులో ద్విత్వం తప్పు ముందే దొరికింది. లోపలి మెడపట్టీ మీద సైజు పక్కన చిన్నగా 1920 అని వేయడం ఆ అబ్బాయి సొంత ఆలోచన. నేను అడగలేదు.

ఆడపిల్లల జెర్సీల విషయం తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాలి. మామూలుగా ఈ షాపుల్లో 140 జీఎస్‌ఎం గుడ్డ, అంటే చదరపు మీటరుకు 140 గ్రాములు తూగేది వాడతారు. తేలిగ్గా ఉంటుంది, మన ఊరి ఎండకు మంచిదే. కానీ పసుపు వైపు చెమట పడితే ఒంటికి అతుక్కుని లోపలిది కనిపిస్తుంది. ఆ సంగతి నేను చెప్పీ చెప్పకముందే కటింగ్ మాస్టారు అర్థం చేసుకున్నారు. 180 జీఎస్‌ఎం డాట్ నెట్ గుడ్డ తీసి, నా కొంగు మీద పరిచి చూపించి, "ఇది వేద్దామమ్మా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే" అన్నారు. చొక్కాకు ముప్పై రూపాయలు పెరిగింది, ఇచ్చాను. పొడవు కూడా రెండు అంగుళాలు ఎక్కువ పెట్టారు. గుడ్డ మందం కాబట్టి మే నెలలో ఉక్కగా ఉంటుంది. చంకల కింద మెష్ పట్టీ వేశారు, అది కొంతవరకు నయం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చెప్పిన తేదీకి ఇవ్వలేదు. అపార్ట్‌మెంట్ క్రికెట్ లీగు ఆర్డరు మధ్యలో వచ్చిందని మాది వెనక్కి నెట్టారు. ఆ విషయం నేను ఫోన్ చేస్తేగానీ చెప్పలేదు. మ్యాచ్ ముందు రోజు సాయంత్రం వరకూ నాకు టెన్షనే. మూడు జెర్సీలకు వీపు నంబరు బాగా కిందికి వచ్చింది. చొక్కా నిక్కరులోకి దోపితే సగం నంబరు మాయం. చూపించగానే వాదించకుండా ఆ మూడూ మళ్ళీ ప్రింట్ తీసి కుట్టిచ్చారు, డబ్బు అడగలేదు. తప్పు సరిచేశారు కాబట్టి దానికి మార్కులు తీసేయను. ఆలస్యం ముందే చెప్పనందుకు మాత్రం తీసేస్తాను. షార్ట్స్ కూడా వీళ్ళ దగ్గరే తీసుకున్నాం. వాటి నడుము ఎలాస్టిక్ సన్నం. రెండు వారాలకే కొన్ని వదులయ్యాయి. షార్ట్స్ బయట కొనుక్కోవడం మేలు.

జెర్సీలు పంచిన రోజు ఒక పిల్లాడు అడిగాడు, "ఆంటీ, ఈ టీమ్ ఎప్పుడూ గెలుస్తుందా?" అని. పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించిన రోజూ ఉంది, వరసగా ఆరేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన కాలమూ ఉంది. 1997లో సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలమందికి పైగా చూస్తుండగా బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. ఆ మ్యాచ్ అప్పటికి నేను పెళ్ళయి విజయవాడ వచ్చేశాను. నాన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి స్కోరు చెప్పి, వేరే మాటే లేకుండా పెట్టేశారు. 2003లో జకార్తాలో థాయ్‌లాండ్ క్లబ్బు బీఈసీ టెరో ససానాను 3-1తో ఓడించి ఆసియాన్ క్లబ్ కప్పు తెచ్చారు.

ఆ తర్వాత కరువు. 2012 ఫెడరేషన్ కప్పు తర్వాత జాతీయ స్థాయిలో ఏదీ రాలేదు. క్లబ్బు పేరు ముందూ వెనకా కంపెనీల పేర్లు వచ్చి చేరాయి, పోయాయి. దేశపు పెద్ద లీగు ఐఎస్‌ఎల్‌లోకి వచ్చిన 2020 నుంచి పట్టికలో అడుగున చూడటం అలవాటైపోయింది. ఎట్టకేలకు 2024 జనవరిలో భువనేశ్వర్‌లో ఒడిశా ఎఫ్‌సీని అదనపు సమయంలో 3-2తో ఓడించి సూపర్ కప్ గెలిచారు. పదకొండేళ్ళకు పైగా జాతీయ కప్పు ఒక్కటీ లేకపోయినా జనం ఆ రంగులు వదల్లేదు. కప్పుల లెక్క కంటే నేను గర్వపడేది దానికే. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో రెండు క్లబ్బుల మ్యాచ్ దగ్గర గొడవ, తొక్కిసలాట జరిగి పదహారు మంది అభిమానులు చనిపోయారని కూడా పిల్లలకు చెప్పాను. అభిమానం ఎక్కడ ఆగాలో వాళ్ళకు తెలియాలి. మోహన్ బగాన్ అంటే మర్యాదగా మాట్లాడాలని మా టీములో నియమం. 1911లో అందరూ కలిపి ఒక్కరికే బూట్లున్న టీముతో ఇంగ్లిష్ సైనికుల టీమును ఓడించినవాళ్ళు వాళ్ళు.

ఆడపిల్లలకు చెప్పడానికి నా దగ్గర ఇంకా పెద్ద కబురుంది. 2024–25 జాతీయ మహిళల లీగ్‌ను ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు గెలిచారు. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో ఒడిశా మీద గోల్ కొట్టింది గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా పిల్ల. తెలుగు మాట్లాడే ఆడపిల్ల, ఎరుపు బంగారు చొక్కాలో, భారతదేశపు ఛాంపియన్. నాన్న ఉండి ఉంటే ఈసారి ఫోన్ పెట్టేసేవారు కాదు. కాగడా గీసిన అమ్మాయి సౌమ్య వీడియోలు ఎన్నిసార్లు చూసిందో, జెర్సీ మీద ఆమె నంబరే కావాలని పట్టుబట్టింది.

ఇక ఉతుకు సంగతి. పిల్లలు దుమ్ములో దొర్లి వచ్చాక మామూలు సర్ఫ్ నీళ్ళలో నానబెట్టి ఉతికిస్తున్నాం. ఎరుపు పసుపులోకి దిగలేదు. నాకున్న పెద్ద భయం అదే. డాబా మీద ఎండలో ఆరేసినా రంగు తగ్గలేదు. చెమట ఉప్పు మరకలు ఎరుపు వైపు కొంచెం తేలుతాయి, ఉతికితే పోతాయి. బండకేసి బాదొద్దని, ఇస్త్రీ పెట్టె నేరుగా ప్రింట్ మీద పెట్టొద్దని షాపువాళ్ళు చెప్పారు. చొక్కా ఒక్కటి 380 రూపాయలు పడింది, పేరు, నంబరు, మెష్ పట్టీ అన్నీ కలిపి. షార్ట్స్ 180. పది కంటే తక్కువైతే రేటు పెరుగుతుంది. సగం అడ్వాన్స్ ఫోన్‌పే చేయాలి. బిల్లు అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు, కాబట్టి అడగండి. శాంపిల్ ముక్క చూసి, దాని వెనకున్న నంబరు ఫొటో తీసుకున్నాకే మిగతా మాట మాట్లాడండి. బండి మీద వెళ్ళేవాళ్ళు బీసెంట్ రోడ్డు వైపు రద్దీ మొదలవక ముందే, పొద్దున్నే వెళ్ళడం మంచిది.

గోల్‌కీపర్‌కు ఫుల్ హ్యాండ్స్ జెర్సీ ఇప్పుడు ఆర్డరిచ్చాను. వాడు ఆకుపచ్చ అడిగాడు. ఆకుపచ్చ మోహన్ బగాన్ రంగు నాయనా అంటే నలుపుకు ఒప్పుకున్నాడు. మోచేతుల దగ్గర స్పాంజి ప్యాడింగ్ వేసి కుట్టడం మాస్టారు ఇంతకుముందు చేయలేదట, ప్రయత్నిస్తానన్నారు. అది ఎలా వచ్చిందో చూశాక ఈ రివ్యూ కిందే రాస్తాను.